వెలగని మచ్చ

"నేనే చంపాను. ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? పోలీసులు ఒక్కసారికే నమ్మారు," అంది సవాదా తోమియె.

"వాళ్ళకి తొందరెక్కువండీ. నాకు ఇంకే పనీ లేదు," అన్నాను.

కురొసె రేవులో ఆమెను ఎరగనివాళ్ళు లేరు. చేపముద్దను వెదురాకు ఆకారంలో ఒత్తి నిప్పుల మీద కాల్చే కమబోకొ ఫ్యాక్టరీకి యజమానురాలు. భర్త పోయాక ఇరవై మంది పనివాళ్ళను ఒంటిచేత్తో నడిపింది. రెండు వారాల కిందట ఫ్యాక్టరీ మేనేజరు నోజు, మంచుగది లోపల గడ్డకట్టి శవమై కనిపించాడు. తలుపుకి బయట నుంచి గడియ వేసి ఉంది. మూడో రోజున తోమియె తనంతట తానే పోలీస్ స్టేషన్‌కి నడిచి వెళ్ళి నేరం ఒప్పుకుంది. ఒప్పుకున్న మర్నాడే తలనొప్పితో కూలబడితే, ఊరి ఆస్పత్రిలో మంచం వేసి గుమ్మం ముందు ఒక ఆడ కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టారు. రేపు ప్రాసిక్యూటర్ అభియోగం దాఖలు చేస్తాడు. ఆ తర్వాత కథ మన చేతిలో ఉండదు.

ఆమె కూతురు చినామి మా ఆఫీసుకొచ్చి, "మా అమ్మ చీమకైనా దారిచ్చి నడుస్తుంది" అని ఏడ్చింది. అలా ఈ కేసు నాకు తగులుకుంది. నా పేరు ఇసోబె. సెందాయ్ పోలీసుల్లో పదకొండేళ్ళు చేశాను. పై అధికారుల ముందు నోరు అదుపులో పెట్టుకోలేక సొంత డిటెక్టివ్ దుకాణం తెరిచాను.

"సరే, ఎలా చంపారో చెప్పండి."

"పాత చేప కలుపుతున్నాడని తెలిసింది. మా ఫ్యాక్టరీ పేరు చెడగొట్టాడు. మంచుగదిలోకి వెళ్ళినప్పుడు తలుపేసి గడియ దించాను. అంతే."

"ఏ చేత్తో?"

ఆమె చూపు ఒక్క క్షణం నా మీద నుంచి జారింది. "చేతుల్తో."

చినామి పంపిన బట్టల మూట మంచం పక్కనే ఉంది. దాన్ని ఆమె ఒళ్ళో పెట్టి, "మీ అమ్మాయి ఏం పంపిందో చూడండి" అన్నాను. ముడి పెద్ద గట్టిది కాదు. తోమియె కుడిచేత్తో లాగింది, వదిలింది, చివరికి వంగి పళ్ళతో పీకింది. ఎడమ చెయ్యి మాత్రం దుప్పటి మీద ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువులా పడి ఉంది.

"ఎప్పట్నుంచీ ఇలా?"

"వసంతం నుంచి. మూడేళ్ళ కింద తలలో గడ్డ తీశారుగా. రేడియేషన్ కూడా ఇచ్చారు."

"ఇప్పుడు డాక్టరేమన్నాడు?"

ఆమె నవ్వింది. "ఏం ఫర్వాలేదు, అలసట అన్నాడు. మా మరిది సెయిగో కూడా ఏం ఫర్వాలేదు వదినా అన్నాడు. చినామి అయితే కళ్ళు తుడుచుకుని వచ్చి మరీ ఏం ఫర్వాలేదమ్మా అంది. ఇంతమంది ఫర్వాలేదంటే దానర్థం ఏంటో తెలీదా నాకు? మా ఆయన పోయే ముందు ఆయనకి నేను చెప్పింది కూడా ఆ మాటే. సెయిగో వంటింట్లో చినామితో గుసగుసలాడుతుంటే విన్నాను. ఆకులు రాలేదాకా కూడా ఉండనట."

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆమె మీద కాదు. మా దేశంలో డాక్టర్లు చావు కబురు రోగికి చెప్పరు. ఇంటివాళ్ళను పక్క గదిలోకి పిలిచి చెబుతారు, ఇంటివాళ్ళు ముఖం కడుక్కుని వచ్చి అబద్ధం చెబుతారు. మా నాన్నకి కడుపులో పుండన్నారు. ఆయన ఆ పుండుతోనే పోయాడు, ఆఖరిరోజు దాకా మమ్మల్ని నమ్మినట్టు నటిస్తూ. ఇంత ప్రేమగా అబద్ధాలాడే మనుషులకి ఒక చిక్కుంది. నిజంగా ఏం ఫర్వాలేనప్పుడు ఆ మాట ఎలా చెప్పాలో వాళ్ళకు తెలియదు.

తోమియె చచ్చిపోతాననుకుంటోంది. అందుకే ఎవరి పాపాన్నో నెత్తికెత్తుకుంది. బతుకుతానని నమ్మితే తప్ప నోరు విప్పదు. నాకున్నది ఈ ఒక్క రోజే.

"ఇవాళ మధ్యాహ్నం మిమ్మల్ని సెందాయ్ తీసుకెళ్ళి తలకి ఇంకో స్కాన్ తీయిస్తున్నాం. విచారణకి తట్టుకుంటారో లేదో తెలియాలని లాయరు ప్రాసిక్యూటర్‌ని ఒప్పించాడు. అప్పటిదాకా మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టుకోకండి."

"చచ్చేదానికి స్కాన్ ఎందుకు?"

"చచ్చేవాళ్ళకి ఒకపూట పస్తు లెక్కా?"

"నోరు బాగానే ఉంది నీకు," అని ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

*

డాక్టర్ కనమారుని నడవాలో దొరకబుచ్చుకున్నాను. నెరిసిన పెద్దమనిషి. నన్ను చూడగానే చేతిలో లేని పని గుర్తొచ్చినట్టు నడక పెంచాడు.

"వసంతంలో తీసిన ఎమ్మారై గురించి ఎవరికి చెప్పారండీ?"

"కుటుంబానికి చెప్పాం."

"కుటుంబమంటే?"

"మరిది సెయిగో గారు. ఆయనే వచ్చారు."

"ఏం చెప్పారు?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "పాత గడ్డ ఉన్న చోటే తెల్లమచ్చ కనిపించింది. గడ్డ తిరిగొచ్చి ఉండొచ్చు. లేదా అప్పట్లో ఇచ్చిన రేడియేషన్‌కి మెదడు కమిలి, ఆ భాగం చచ్చిపోయి ఉండొచ్చు. ఒక్కోసారి అది రెండు మూడేళ్ళ తర్వాత గానీ బయటపడదు. ఎమ్మారైలో రెండూ ఒకేలా ఉంటాయి. తల తెరిచి ముక్క తీస్తే తప్ప నేను చెప్పలేను. అందుకే సెందాయ్‌లో పెట్ స్కాన్ తీయించమన్నాను."

"పరగడుపున వెళ్ళాలని చెప్పారా?"

"చెప్పకుండా ఎలా ఉంటాను? తిని వెళితే బొమ్మ పనికిరాదని రెండుసార్లు చెప్పాను. వాళ్ళు వెళ్ళలేదు. ఇష్టం లేదేమో అనుకున్నాను."

"ఆవిణ్ణే అడగొచ్చుగా?"

"ఆవిణ్ణా?" ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "ఆవిణ్ణి ఎలా అడుగుతామండీ? రోగి కదా."

తల ఆమెది, మచ్చ ఆమెది, దాని సంగతి మాత్రం ఆమెది కాదు. ఆయనతో వాదించి లాభం లేదు, ఆయన గురువులు అలాగే నేర్పారు. నేను కారెక్కి ఫ్యాక్టరీకి పోయాను.

*

మంచుగది ముందు ఇన్‌స్పెక్టర్ హిమురో నాకోసమే నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు మా ఇద్దరివీ పక్కపక్క బల్లలు. ఇప్పుడు అతను జిల్లా క్రైమ్ విభాగానికి పెద్ద. టై ముడి చెదరదు, తల వెంట్రుక కదలదు.

"ఒప్పుకున్న కేసులో ఏం వెతుకుతున్నావు ఇసోబె? రాలిన పొలుసులా?" అన్నాడు.

"నువ్వు వదిలేసినవి ఏరుకుంటున్నాను. నాకవే గతి."

తాళం తీసింది సెయిగో. వదిన లేనప్పటి నుంచి ఫ్యాక్టరీ అతనే చూస్తున్నాడు. యాభై దాటిన మెత్తని మనిషి. మాట మాటకీ వంగి దణ్ణం పెడతాడు. కళ్ళకింద నలుపు చూస్తే నిద్రలేదని తెలుస్తోంది.

"సెయిగో గారూ, వసంతంలో డాక్టరు మీతో ఏమన్నాడు?"

"గడ్డ తిరిగొచ్చిందన్నాడండీ. ఇక చేసేదేం లేదన్నాడు. నేనే చినామికి చెప్పుకుని ఏడ్చాను. వదినకి చెప్పడానికి నోరు రాలేదు."

"ఇంకో స్కాన్ ఏదైనా తీయించమన్నాడా?"

"లేదండీ. అలాంటిదేం అనలేదు. అంటే తీసుకెళ్ళనా?"

హిమురో నా వంక విసుగ్గా చూశాడు. డాక్టరో, ఇతనో, ఇద్దరిలో ఒకరు అబద్ధం ఆడుతున్నారు. తన తప్పు కప్పిపుచ్చుకోవడం డాక్టర్లకీ తెలుసు కాబట్టి నేను తొందరపడలేదు. "ఇవాళ సెందాయ్‌లో ఆవిడ తల ఫొటో తీయిస్తున్నాం" అని మాత్రం అన్నాను. "మంచిది, పాపం, మంచిది" అంటూ సెయిగో వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మంచుగది తలుపు పాతకాలపుది. లోపలి పిడి విరిగిపోయి చాలాకాలమైంది. బయట అడ్డంగా ఇనప గడియ. దాని బరువుకి అది కిందకి పడకుండా ఒక మేకు ఆపుతుంది. ఒక చేత్తో గడియను పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో మేకు లాగాలి. తియ్యాలన్నా అంతే, ఎత్తి పట్టుకుని మేకు మళ్ళీ దూర్చాలి.

"ఒంటిచేత్తో వేసి చూపించు హిమురో."

"ఇదేం సర్కసా?"

"ఆవిడ ఎడమ చెయ్యి బట్టల మూట ముడి కూడా విప్పలేదు. ఇందాకే చూశాను. నువ్వు ఆవిడ కంటే బలమైనవాడివి. కానివ్వు."

అతను కోటు విప్పకుండానే గడియకి కుడిచెయ్యి వేశాడు. ఎత్తాడు గానీ మేకు లాగే చెయ్యి లేదు. మోచేత్తో ప్రయత్నించాడు. భుజం ఆనించాడు. మూడోసారి గడియ మళ్ళీ మేకు మీదే దబ్బున పడి, చేపనూనె మరక అతని టై మీద చక్కగా కూర్చుంది. ఆ మరక చూసి నాకు కలిగిన ఆనందం దాచుకోలేదు.

"మనిషి కోపంలో ఉంటే ఎక్కడ లేని బలం వస్తుంది," అన్నాడు టై తుడుచుకుంటూ.

"నీ కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు."

"చూడు," అతని గొంతు తగ్గింది. "ఆవిడ ఎలాగూ బతకదు. విచారణ మొదలయ్యేలోపే పోతుంది. జైలు చూడదు. ఫ్యాక్టరీ కూతురికి ఉంటుంది, ఊరు మర్చిపోతుంది. ఆవిడ కోరుకున్నది కూడా అదే. ఇప్పుడు నువ్వెళ్ళి కెలికితే ఎవరికి మంచిది?"

అతను చెడ్డవాడు కాదు. అదే అసలు చిక్కు. ఈ కేసులో అందరూ దయగానే ఉన్నారు, ఆ దయ అంతా కలిసి ఒక అమాయకురాలిని ఉరికంబం వైపు మెల్లగా నడిపిస్తోంది.

"బతికితే?" అన్నాను.

"ఏంటి?"

"బతికితే ఏం చేస్తావు? నువ్వు రాయించుకున్న వాంగ్మూలంతో పాతికేళ్ళు జైల్లో కూర్చుంటుంది. నాతో సెందాయ్ రా. అది గడ్డే అని తేలితే నీ ముందు నేల మీద మోకరిల్లి క్షమాపణ అడుగుతాను."

నా మోకాళ్ళు నేల మీద చూడాలని అతనికి ఎన్నేళ్ళుగానో కోరిక. కారెక్కాడు.

*

స్కాన్ కేంద్రంలో డాక్టర్ ఉత్సుమి అనే ఆవిడ మాకోసం ఎదురుచూస్తోంది. నలభై ఏళ్ళుంటాయి. పొట్టిగా, గబగబా మాట్లాడే మనిషి.

"రోగి ఏమీ తినలేదుగా?"

"లేదు. ఒకసారి ఈ ఇన్‌స్పెక్టర్‌గారికి అర్థమయ్యేలా చెప్పండి. ఈయన చదువుకున్నవాడు, నెమ్మదిగా చెప్పాలి," అన్నాను.

హిమురో పళ్ళు నూరాడు. ఆమె నవ్వలేదు.

"మెతియోనిన్ అని ఒక పోషకం ఉంది. మాంసంలో, చేపల్లో, గుడ్లలో ఉంటుంది. ఒళ్ళు పెరగడానికి అది కావాలి. దానికి కొంచెం రేడియోధార్మికత తగిలించి నరంలోకి ఎక్కిస్తాం. పెరిగే గడ్డ ఆబగా దాన్ని లాగేసుకుంటుంది. అక్కడ బొమ్మ ఎర్రగా వెలుగుతుంది. రేడియేషన్‌కి కమిలి చచ్చిన చోటు పెద్దగా తీసుకోదు. పీనుగకి ఆకలుండదు కదా. ఎమ్మారై ఆకారం చూస్తుంది, ఇది ఆకలిని చూస్తుంది."

"తింటే ఏమవుతుంది?" అన్నాడు హిమురో.

"రక్తంలో అప్పటికే తిండి నిండి ఉంటే మేమెక్కించింది గడ్డ కూడా సరిగ్గా ముట్టుకోదు. అప్పుడు వెలగకపోయినా నమ్మలేం. ఇంకోటి, ఈ మందు ఇరవై నిమిషాలకోసారి సగానికి సగం చచ్చిపోతుంది. దాచుకోవడం కుదరదు. కింద ఈ మందు చేసే సైక్లోట్రాన్ యంత్రంలో తయారవగానే పరుగెత్తుకు రావాలి."

"నాదో కోరిక," అన్నాను. "ఫలితం ఎవరినీ పక్కగదికి పిలిచి చెప్పొద్దు. బొమ్మ తెరమీదకి వచ్చేటప్పుడు ఆవిడ మీ పక్కనే కూర్చుని ఉండాలి. మీరు చూసినప్పుడే ఆవిడా చూడాలి."

"అలా ఎప్పుడూ చెయ్యలేదండీ. చెడ్డ వార్త అయితే?"

"ఆవిడకి చెడ్డ వార్త పాతదే. మంచి వార్త అయితేనే మీరు చెబితే నమ్మదు."

"మా అమ్మ కూడా నేను చెప్పింది నమ్మేది కాదు," అని, "సరే" అంది ఉత్సుమి.

అప్పటికే చినామి, సెయిగో వచ్చి నడవాలో కూర్చున్నారు. సెయిగో చేతిలో గుడ్డ చుట్టిన టిఫిన్ పెట్టె. "పొద్దుట్నుంచీ ఏం తినలేదట పాపం, మన కమబోకొ అంటే వదినకి ప్రాణం" అని కాపలా కానిస్టేబుల్ చేతిలో పెట్టాడు. ఆ అమ్మాయి పెట్టె పట్టుకుని లోపలికి పోయింది. కాసేపటికి ఖాళీ పెట్టె తెచ్చి, "చాలా బావున్నాయండీ" అని వంగి దణ్ణం పెట్టి ఇచ్చింది. సెయిగో ముఖం తేటపడింది. నేను లోపలికి తిరిగి వెళ్తున్న ఆ అమ్మాయి వెంట ఉరికి మోచెయ్యి పట్టుకున్నాను.

"ఆవిడ తినేసిందా?"

కానిస్టేబుల్ చెవులదాకా ఎర్రబడింది. "ఆవిడ ముట్టుకోలేదు సార్. వాసన రానివ్వకు, అవతల పారెయ్ అంది. పారెయ్యబుద్ధి కాలేదు. నేను కూడా పొద్దుట్నుంచీ..."

"అన్నీ తిన్నావా?"

"ఆరు సార్. ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్పకండి."

పోలీసు ఉద్యోగంలో ఆకలి పుణ్యమా అని జరిగిన మేలు నేను చూసింది అదొక్కటే. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. ఆ మాట అరగంట కూడా నిలబెట్టుకోలేదనుకోండి.

కింద నుంచి ఫోన్ మోగింది. నర్సు బరువైన సీసపు డబ్బాతో పరుగున వచ్చింది. తోమియెకి సూది వేసి, పెద్ద ఉంగరంలాంటి యంత్రంలోకి తలను జరిపారు.

*

అయ్యాక ఆమెను చక్రాల కుర్చీలో తెర ముందుకు తెచ్చారు. ఉత్సుమి ముందు పాత బొమ్మ పెట్టింది. మూడేళ్ళ కింద, ఆపరేషన్‌కి ముందు, ఇక్కడే తీసినది. తలలో కుడివైపు ఒక ఎర్రని ముద్ద భగభగమంటోంది.

"ఇది అప్పటి గడ్డ," అంది ఉత్సుమి. "ఇప్పుడు తీసింది పక్కన వస్తోంది. నేను కూడా ఇంకా చూడలేదు."

గీత తర్వాత గీతగా తెర నిండసాగింది. హిమురో ఊపిరి నా మెడ మీద తగులుతోంది. తోమియె కుడిచెయ్యి కుర్చీ పిడిని పట్టుకుంది. కళ్ళు మూస్తుందేమో అనుకున్నాను. మూయలేదు.

పాత గడ్డ ఉన్న చోట వెలుగు లేదు. చుట్టూ ఉన్న మెదడు లేతగా కనిపిస్తుంటే, ఆ చోటు నల్లగా, చల్లగా, చప్పుడు లేకుండా ఉంది.

ఉత్సుమి రెండోవైపు మెదడుతో పోల్చి చూసింది. పైనుంచీ, పక్కనుంచీ తిప్పి చూసింది. తర్వాత కుర్చీ తోమియె వైపుకి తిప్పుకుంది.

"ఇది గడ్డలా లేదండీ. రేడియేషన్ వల్ల కమిలిన చోటు. గడ్డ తిరిగి రాలేదనే నేననుకుంటున్నాను."

"ఏం ఫర్వాలేదంటావు," అంది తోమియె పొడిగా.

"అనను," అంది ఉత్సుమి. "ఫర్వా చాలా ఉంది. దాని చుట్టూ మెదడు వాచింది. మీ చెయ్యి అందుకే పడిపోయింది. స్టెరాయిడ్ మందు వాడాలి. ముఖం ఉబ్బుతుంది, నిద్ర పట్టదు, చీటికీ మాటికీ చిరాకొస్తుంది. వాపు తగ్గితే చెయ్యి కొంత వస్తుంది గానీ మునుపటిలా అవుతుందని చెప్పలేను. మూణ్ణెల్లకోసారి మళ్ళీ ఇక్కడికి రావాలి. ఏళ్ళ తరబడి రావాలి."

తోమియె ఆ నల్లని చోటునీ, పాత ఎర్రముద్దనీ మార్చి మార్చి చూసింది. డాక్టరు ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ముఖం ఉబ్బుతుందా?"

"పూర్ణచంద్రుడిలా అవుతుంది."

"అబద్ధం చెప్పేవాళ్ళు ఇన్ని కష్టాలు చెప్పరు," అంది తోమియె. ఆరు నెలలుగా చావుకోసం సర్దుకుంటున్న మనిషి, మందుల పేర్లు ఇంకోసారి చెప్పమని అడిగి, చిన్నపిల్లలా భోరుమని ఏడ్చింది. నాకూ కళ్ళు తడిసాయి. సిగ్గు పడలేదు. హిమురో గోడ మీద గడియారాన్ని శ్రద్ధగా పరిశీలించాడు.

తలుపు తెరుచుకుని చినామి తల్లి మీద వాలిపోయింది. ఆమె వెనకే సెయిగో. తెర వంక చూశాడు, డాక్టరు వంక చూశాడు.

"గడ్డ కాదంట బాబాయ్," అంది చినామి ఏడుస్తూ, నవ్వుతూ.

"మంచిది, మంచిది..." అతని పెదాలు పాలిపోయాయి. "కానీ ఇన్‌స్పెక్టర్‌గారూ, ఈ ఫొటోని లెక్కలోకి తీసుకోకూడదేమో. వదినకి లేనిపోని ఆశ పెట్టినట్టవుతుంది. ఇందాకే కమబోకొ తిందిగా. తిన్నాక తీస్తే ఇది సరిగ్గా రాదుగా."

నేను నోరు తెరవబోయాను. నాకంటే ముందు హిమురో అన్నాడు, చాలా నెమ్మదిగా: "రాదని నీకెవరు చెప్పారు?"

"ఇక్కడే... గోడమీద రాసి ఉంది."

"గోడమీద రేడియేషన్ జాగ్రత్త అని ఒక్క ముక్కే ఉంది," అన్నాను. "పరగడుపున రావాలని వసంతంలో డాక్టర్ కనమారు రెండుసార్లు చెప్పాడు. ఆ గదిలో ఉన్నది నువ్వొక్కడివే. అలాంటి స్కాన్ గురించి విననే లేదని పొద్దున మా ఇద్దరి ముందూ అన్నావు. అన్నట్టు, ఆ ఆరూ తిన్నది మీ వదిన కాదు. ఈ కానిస్టేబుల్."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఇతను భుజాలు తడుముకోవడమే కాదు, కాయ కూడా తెచ్చి బల్లమీద పెట్టాడు. హిమురో కానిస్టేబుల్ వంక ఒక చూపు చూశాడు. ఆ అమ్మాయి గోడలో కలిసిపోవడానికి ప్రయత్నించింది.

"అది కాదండీ, వదిన మనసు కష్టపెట్టడం ఇష్టంలేక..."

"సెయిగో," అంది తోమియె.

ఏడుపు ఆగిపోయింది. ఇరవై మంది పనివాళ్ళను నడిపిన గొంతు అది.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, ముందు చెప్పింది కొట్టేసి మళ్ళీ రాసుకోండి. ఆ సాయంత్రం నోజు నన్ను మంచుగది దగ్గరకి రమ్మన్నాడు. మీకొకటి చూపించాలి, పాత చేప ఎవరు కలుపుతున్నారో తెలిసింది అన్నాడు. నేను వెళ్ళేసరికి గడియ వేసి ఉంది. దానిమీద చినామి ఏప్రన్ వేలాడుతోంది."

"నా ఏప్రనా?" అంది చినామి. "అది పోయిందని వారం రోజులు వెతికానమ్మా."

"నువ్వే ఆవేశంలో ఏదో చేశావనుకున్నాను తల్లీ. చచ్చేదాన్ని నేనున్నానుగా, పిల్లకెందుకు అనుకున్నాను." ఆమె హిమురో వైపు తిరిగింది. "నోజు అప్పటికి బతికే ఉన్నాడండీ. లోపల్నుంచి తలుపు బాదుతున్నాడు. అమ్మగారూ అని నన్ను పిలిచాడు. ఈ చేత్తో గడియ ఎత్తలేకపోయాను. ఎంత పెనుగులాడినా రాలేదు. పరుగెత్తి ముంగిట్లో సెయిగోని పట్టుకున్నాను. 'నువ్వింటికెళ్ళు వదినా, నేను తీస్తాను' అన్నాడు. మర్నాడు అడిగితే, 'తీసేసరికే పోయాడు, భయపడి మళ్ళీ గడియ వేసేశాను, చినామి కోసం ఏప్రన్ దాచేశాను' అని నా కాళ్ళ మీద పడి ఏడ్చాడు."

హిమురో సెయిగో ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి అతని జుట్టు చెదిరి ఉండటం చూశాను.

"మర్నాడు పొద్దున ఆ తలుపు తీసినప్పుడు నేనక్కడే ఉన్నాను," అన్నాడు. "తలుపంచు చుట్టూ మంచు రాయిలా పేరుకుని ఉంది. రాత్రి ఎవరూ దాన్ని తీయలేదు. పాత చేప కలుపుకోవడానికి వదిన అడ్డం ఉండకూడదని స్కాన్ సంగతి దాచావు, నోజు కనిపెడితే గడియ వేసి దానిమీద చినామి ఏప్రన్ తగిలించావు. అతను పిలుస్తుంటే నువ్వు బయట నిలబడ్డావు."

సెయిగో వంగి దణ్ణం పెట్టబోయి, ఎవరికి పెట్టాలో తెలియక సగంలో ఆగిపోయాడు. హిమురో అతని మణికట్టు పట్టుకుని తలుపు వైపు నడిపించాడు.

తోమియె కుర్చీని తనే కుడిచేత్తో తిప్పుకుని వాళ్ళ దారికి అడ్డంగా ఆపింది. మరిది ముఖంలోకి తలెత్తి చూసింది.

"కోర్టుకి నేనొస్తాను సెయిగో," అంది. "ఎన్ని వాయిదాలైనా వస్తాను."